ఒమేగా 0.18 అంటే పాజిటివ్ సెలెక్షన్ లేనట్టేనా? పీ వాల్యూ 0.009 అంటే ఉన్నట్టేనా?

తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వనే అంటా, ఏమనుకోకు. నీలాంటి ప్రశ్న నాకు నెలకొకటి వస్తుంది గానీ నీ దాంట్లో ఒక మెలిక ఉంది, దాన్ని ఆఖర్లో ఏదో పనికిరాని సంగతిలాగా ఒక్క లైన్లో రాసేశావ్, అక్కడికి వస్తా. మధ్యలో చదివేవాళ్ళకి కూడా అర్థమవ్వాలి కాబట్టి ముందు నీ సంగతి పొట్టిగా చెప్పేస్తా. 12 జాతుల గబ్బిలాల నుంచి ఒక టోల్ లైక్ రిసెప్టర్ (సూక్ష్మజీవుల్ని పసిగట్టే ప్రొటీన్) జీన్ తీసుకున్నావ్, ఒమేగా లెక్కేసే కోడ్ఎమ్ఎల్ ప్రోగ్రామ్‌లో పెట్టావ్, జీన్ మొత్తానికి కలిపి ఒకటే ఒమేగా (ప్రొటీన్‌ని మార్చే మార్పులకీ మార్చనివాటికీ ఉన్న నిష్పత్తి, కింద విడమరుస్తా) తీస్తే 0.18 వచ్చింది. గైడ్ గారు "ఒకటి కంటే తక్కువ కదా, పాజిటివ్ సెలెక్షన్ లేదు, వదిలెయ్" అన్నారు (పాజిటివ్ సెలెక్షన్ అంటే ప్రొటీన్‌ని మార్చే మార్పు పనికొచ్చి నిలబడిపోవడం). ల్యాబ్‌లో సీనియరేమో ఎమ్7 (ఒమేగా ఒకటి దాటిన సైట్లు, అంటే కోడాన్ స్థానాలు, లేవనే మోడల్), ఎమ్8 (ఉండొచ్చనే మోడల్) రన్ చేయించాడు, లాగ్ లైక్లీహుడ్‌లు (డేటాకి మోడల్ ఎంత అతికిందో చెప్పే స్కోర్లు) మైనస్ 8421.36, మైనస్ 8416.66, పీ వాల్యూ (ఎమ్7 నిజమైతే ఇంత తేడా ఊరికే వచ్చే అవకాశం) 0.009, బీఈబీలో (ఏ సైట్ ఆ ఒకటి దాటిన గుంపులో ఉండే అవకాశం ఎంతో చెప్పే లెక్క) 311, 312, 314 సైట్లు 0.95 దాటాయి, "ఇంకేం కావాలి, పేపర్ రాసెయ్" అన్నాడు. కొమ్మకో ఒమేగా ఇచ్చే ఫ్రీ రేషియో మోడల్లో, జాతుల వంశవృక్షంలో ఒక కొమ్మ మీద ఒమేగా 999 అని వచ్చింది. ఆఖరి లైన్లో, ఆ 999 వచ్చిన జాతి జీనోమ్ తక్కువ కవరేజ్‌ది, అంటే ఒక్కో అక్షరాన్ని కొద్దిసార్లే చదివినది అన్నావ్. ఇద్దరిలో ఎవరు కరెక్టు అని అడిగావ్.

ఇద్దరూ కాదు. గైడ్ గారు తప్పు కారణంతో ఆగమన్నారు, సీనియర్ తప్పు కారణంతో పరిగెత్తమన్నాడు. అయితే ఆగమన్నదే నయం, ఎందుకో చెప్తా.

ఒమేగాని ఒకసారి పునాది నుంచి కట్టుకుందాం, గైడ్ గారికి నువ్వు చెప్పాల్సింది అక్కడే ఉంది. కోడాన్లు, అంటే ఒక్కో అమైనో యాసిడ్‌ని సూచించే మూడక్షరాల మాటలు, 64, మూడు స్టాప్‌కి పోతే 61. ఒక్కో కోడాన్‌లో మూడక్షరాలు, ఒక్కో అక్షరం ఇంకో మూడింట్లో ఏదో ఒకటిగా మారొచ్చు, అంటే 61 ఇంటూ 9, మొత్తం 549 ఒంటక్షరం మార్పులు. కూర్చుని లెక్కేస్తే (ఒకసారి చేత్తో లెక్కెయ్యి, నిజంగా, ఒక పూట పడుతుంది గానీ తర్వాత జన్మలో మర్చిపోవు) అందులో 134 మాత్రమే అమైనో యాసిడ్‌ని మార్చవు, 392 మారుస్తాయి, 23 మధ్యలో స్టాప్ పెట్టి ప్రొటీన్‌ని తెగ్గొడతాయి. అంటే గుడ్డిగా టైపింగ్ తప్పులు పడితే అర్థం మార్చే తప్పులు, మార్చని వాటికి దాదాపు మూడు రెట్లు ఉండాలి. కానీ ఏ రెండు జాతుల జీన్లైనా పక్కన పెట్టి చూడు, మామూలుగా దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, ప్రొటీన్‌కి తేడా తెలియని సినానిమస్ మార్పులే ఎక్కువ కనిపిస్తాయి. మరి ఆ మిగతావి ఏమైనట్టు? పుట్టాయి, కానీ ఏరేశారు. మా అమ్మ చాటలో బియ్యం పోసి రాళ్ళు ఏరి పారేసేది, నువ్వు వంటింట్లోకి వెళ్ళేసరికి బియ్యమే కనిపిస్తాయి, రాళ్ళు ఎన్ని ఉండేవో నీకు తెలీదు. ఒమేగా చేసే పని ఆ కనపడని రాళ్ళని లెక్కెయ్యడం: అర్థం మార్చే మార్పులు వాటికున్న అవకాశాల్లో ఎన్ని నిలబడ్డాయి అనేది పైన, అర్థం మార్చనివి వాటి అవకాశాల్లో ఎన్ని నిలబడ్డాయి అనేది కింద. రెండూ సమానమైతే ఒమేగా ఒకటి, ఎవరూ ఏరట్లేదని; ఒకటి కంటే తక్కువైతే ఏరివేత; ఒకటి దాటితే పాజిటివ్ సెలెక్షన్. కింద ఉన్నది కొలబద్ద. దాన్ని కొలబద్దగా ఎందుకు ఒప్పుకుంటాం అంటే 1968లో కిమురా చూపించిన లెక్క, మంచీ చెడూ లేని మార్పులు జనాభా పెద్దదైనా చిన్నదైనా మ్యుటేషన్ రేటుకి సమానమైన రేటులోనే జాతిలో స్థిరపడతాయి. సినానిమస్ మార్పులు అంత అమాయకమైనవేం కాదు, ఈస్ట్‌లోనూ ఈగల్లోనూ కోడాన్ ఇష్టాయిష్టాలు ఉంటాయి, స్ప్లైసింగ్‌కి కావాల్సిన ముక్కలు కూడా వాటి మీద కూర్చుంటాయి, గబ్బిలాల దగ్గర మాత్రం దీని గురించి నిద్ర పాడు చేసుకోకు.

మోడల్ అంటారు గానీ అదేం బ్రహ్మవిద్య కాదు. 1994లో గోల్డ్‌మన్, యాంగ్ ఒక పక్క, మ్యూజ్, గాట్ ఇంకో పక్క, అదే ఏడాది విడివిడిగా పెట్టిన ఆలోచన, ఇప్పుడు మనం వాడేది దాని సింపుల్ రూపం. 61 అడ్డం, 61 నిలువు ఒక పట్టిక. ఒక కోడాన్ నుంచి ఇంకో కోడాన్‌కి దూకే రేటు ఏంటి? వెళ్ళే కోడాన్ ఎంత తరచుగా దొరుకుతుందో అది వేసుకో, మార్పు ఏ–జీ మధ్యో సీ–టీ మధ్యో అయితే కప్పాతో (ఆ రకం మార్పులు మిగతావాటి కంటే ఎన్ని రెట్లు జరుగుతాయో ఆ అంకె) గుణించు, అమైనో యాసిడ్ మారితే ఒమేగాతో గుణించు. ఒక్క అక్షరం కంటే ఎక్కువ తేడా ఉంటే రేటు సున్నా, అంటే ఒకే గెంతులో కుదరదు, ఒక్కో అక్షరం మార్చుకుంటూ మెట్టు మెట్టుగా దిగాలి. ఈ ఆఖరి మాట మడిచి జేబులో పెట్టుకో, కింద దీంతోనే పని పడుతుంది. తర్వాత ఈ పట్టికని చెట్టు కొమ్మల మీద నడిపించి, ఫెల్సెన్‌స్టీన్ 1981లో చెప్పిన పద్ధతిలో చివర్ల నుంచి వేరు వైపు కూడుకుంటూ వచ్చి, మన సీక్వెన్సులు రావడానికి ఏ ఒమేగా దగ్గర అవకాశం ఎక్కువో అది పట్టుకోవడమే.

ఇప్పుడు గైడ్ గారి 0.18 సంగతి. అది సగటు, అందులోనూ రెండు సగటులు కలిసిపోయినది, జీన్‌లో ఉన్న అన్ని సైట్ల మీదా ఒకటి, చెట్టులో ఉన్న అన్ని కొమ్మల మీదా ఇంకోటి. మన వైజాగ్ వాళ్ళకి దీన్ని అర్థం చేయించడం తేలిక. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది, గుర్తుండే ఉంటుంది, నువ్వప్పుడు స్కూల్లో ఉండుంటావ్. ఆ ఏడాది మొత్తానికి ఊళ్ళో గాలి వేగం సగటు లెక్కెయ్యి, ఏమొస్తుంది? రోజూ సాయంత్రం ఆర్కే బీచ్‌లో వేరుశెనక్కాయలు తింటూ పీల్చే గాలే వస్తుంది. ఆ సగటు చూపించి ఆ ఏడాది తుఫాను రాలేదంటే యూనివర్సిటీ క్యాంపస్‌లో కూలిన చెట్లు చూసినవాడెవడైనా ఒప్పుకుంటాడా? సెలెక్షన్ కూడా ఇలాగే, ఎక్కువ సైట్లలో ఎక్కువ కాలం ఏరివేతే నడుస్తుంది, ఎక్కడో నాలుగు సైట్లలో, ఏదో ఒక కొమ్మ మీద, కొన్నాళ్ళు తుఫాను. జీన్ మొత్తం సగటు ఒకటి దాటాలంటే ఏడాదంతా తుఫాను కొట్టాలి. అలాంటివీ ఉన్నాయి, అబలోనీ అనే సముద్రపు నత్త వీర్యకణంలో లైసిన్ అని ఒక ప్రొటీన్ (అదే పేరున్న అమైనో యాసిడ్ కాదు), గుడ్డు పొరకి బొక్క పెట్టేది, అది అలా పరిగెడుతుంది, కానీ అవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. రెండో కొసకి హిస్టోన్ హెచ్4 చూడు, బఠాణీ మొక్కకీ ఆవుకీ మధ్య 102 అమైనో యాసిడ్‌లలో తేడా రెండంటే రెండు. నీ 0.18 మామూలు జీన్లుండే చోటే ఉంది, అంతకుమించి అది ఏమీ చెప్పట్లేదు, పాజిటివ్ సెలెక్షన్ ఉందనీ చెప్పట్లేదు, లేదనీ చెప్పట్లేదు.

ఒక కొమ్మ మీద తుఫాను ఎలా ఉంటుందో చూడాలంటే నాకిష్టమైన ఉదాహరణ మన కొండముచ్చుదే. సింహాచలం మెట్ల మీద చేతిలో కొబ్బరి చిప్ప లాక్కుపోయే కోతి కాదు, నల్ల మొహం, పొడుగు తోక, ఆకులు నమిలేది. దాని పొట్ట ముందు భాగంలో ఆవుకి లాగే బాక్టీరియా ఆకుల్ని పులియబెడతాయి, తర్వాత ఆ బాక్టీరియానే అరిగించుకోవాలి, దానికి లైసోజైమ్ కావాలి. మన కన్నీళ్ళలో ఉండేదే, 130 అమైనో యాసిడ్‌ల దాకా ఉండే బుల్లి ఎంజైమ్, కానీ పొట్టలో పని చెయ్యాలంటే యాసిడ్‌ని తట్టుకోవాలి, పెప్సిన్ కొరికినా తెగకూడదు. 1987లో స్టీవర్ట్, విల్సన్ వాళ్ళు చూస్తే కొండముచ్చు లైసోజైమ్‌లో కొన్ని చోట్ల ఆవు లైసోజైమ్‌లో ఉన్న అమైనో యాసిడ్‌లే కనిపించాయి, చుట్టరికం లేకుండా రెండూ ఒకే దారి పట్టాయి. తర్వాత 1997లో మెస్సియర్, స్టీవర్ట్ పూర్వీకుల సీక్వెన్సులు కట్టి చూస్తే ఆకులు తినే కోతుల మూలపురుషుడి కొమ్మ మీద అర్థం మార్చే మార్పులు గుట్టగా పడి ఉన్నాయి, ఆ తర్వాత కొమ్మల మీద మళ్ళీ మామూలు ఏరివేత. జీన్ మొత్తానికి, చెట్టు మొత్తానికి ఒకటే నంబర్ తీస్తే ఈ కథంతా ఆ నంబర్‌లో కలిసిపోతుంది. గైడ్ గారితో వాదన పెట్టుకోకు, ఈ ఒక్క ఉదాహరణ తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టు చాలు.

ఇక సీనియర్ దగ్గరికి వద్దాం. 4.70 తేడా, రెండుతో గుణిస్తే 9.40, ఫ్రీడమ్ డిగ్రీలు (ఎమ్8లో అదనంగా ఉన్న పారామీటర్లు) రెండు, దానికి హద్దు 5.99 దాటింది, పీ 0.009, లెక్క వరకు తప్పేం లేదు. ఎమ్7 అంటే సైట్లన్నీ సున్నాకీ ఒకటికీ మధ్యలో బీటా ఆకారంలో పరుచుకుని ఉన్నాయి అనే మాట, ఎమ్8 అంటే అదే ఆకారం, పక్కన ఒకటి దాటగల ఇంకో గంప. రెండో మాట మన డేటాకి బాగా అతికింది, అంతవరకే. కానీ ఆ గంపలో ఒమేగా ఎంత వచ్చింది, ఎన్ని శాతం సైట్లు పడ్డాయి అనేది నువ్వు రాయనే లేదు. కొన్ని సైట్లు పట్టించుకునేవాడు లేక ఊరికే ఒకటి దగ్గర తిరుగుతున్నా కూడా ఎమ్8 గెలుస్తుంది, ఎందుకంటే బీటా ఆకారానికి అక్కడ సరిగ్గా కూర్చోవడం రాదు. అందుకే ఎమ్8ఏ అని ఇంకోటి ఉంది, అదే గంప, ఒమేగా మాత్రం ఒకటికి కట్టేసి ఉంటుంది. అసలు పోటీ ఎమ్8కీ ఎమ్8ఏకీ మధ్యే, ఫ్రీడమ్ డిగ్రీ ఒకటి, 3.84తో పోల్చుకుంటే జాగ్రత్తగా ఉన్నట్టు. చాలామంది ఇది చెయ్యకుండానే రాసేస్తారు, చూసేవాళ్ళూ అడగరు, నేను చూస్తే మాత్రం అడుగుతా.

999 గురించి రెండు ముక్కలు. అది నంబర్ కాదు, ప్రోగ్రామ్ గోడకి కొట్టుకుని ఆగిపోయిన చోటు. ఆ కొమ్మ మీద సినానిమస్ మార్పు ఒక్కటీ దొరకలేదు, కింద సున్నా, అంతే. అవుట్‌పుట్‌లో కొమ్మల పట్టిక ఉంటుంది, దాంట్లో చివరి రెండు కాలమ్‌లు ఆ కొమ్మ మీద అర్థం మార్చినవి సుమారు ఎన్ని, మార్చనివి ఎన్ని అని చెప్తాయి, అవి చూడు. 3, 0 అని ఉంటే అది పొట్టి కొమ్మ, ఏదో చిల్లర. 9, 0 అని ఉంటే, 9 ఎక్కణ్ణుంచి వచ్చాయి అని అడగాలి.

ఇప్పుడు నీ మెలిక. 311, 312, 314. పక్కపక్కన. ఈ మూడు సైట్లలో తేడాగా ఉన్నది ఏ జాతి అని నువ్వు చెప్పలేదు, నేను పందెం కాస్తా, ఆ 999 జాతే. ఆ జాతి జీనోమ్ తక్కువ కవరేజ్‌ది అని నువ్వే అన్నావ్. నాకు అక్కడ సెలెక్షన్ వాసన రావట్లేదు, ఫ్రేమ్‌షిఫ్ట్ వాసన వస్తోంది, అంటే ఒక అక్షరం పోయో చేరో మూడక్షరాల లెక్క పక్కకి జరిగిపోవడం.

ఎలా జరుగుతుందో ఒక బుల్లి ముక్క మీద చూపిస్తా, కాగితం తీసుకో. అసలు సీక్వెన్స్ ఇలా ఉందనుకో:

జీసీటీ – జీఏసీ – సీటీసీ – ఏఏజీ – జీటీసీ

అలనిన్, ఆస్పార్టిక్ యాసిడ్, ల్యూసిన్, లైసిన్, వాలిన్. ఇప్పుడు సీక్వెన్సింగ్‌లో మొదటి జీ ఎగిరిపోయింది, ఒక్క అక్షరమే. ఇంకాస్త ముందుకెళ్ళాక రెండు జీలు వరసగా ఉన్న చోట (ఏఏజీ చివర, జీటీసీ మొదట) మెషిన్ మూడు జీలు చదివింది, ఒకే అక్షరం వరసగా వచ్చే చోట ఇలా తడబడటం కొన్ని రకాల మెషిన్లకి పుట్టుకతో వచ్చిన రోగం. ఒకటి పోయింది, ఒకటి వచ్చింది, పొడవు సరిగ్గా అంతే. స్టాప్ కోడాన్ పడలేదు, గ్యాప్ లేదు, ఏ సాఫ్ట్‌వేరూ అరవదు. కానీ చదివితే:

సీటీజీ – ఏసీసీ – టీసీఏ – ఏజీజీ – జీటీసీ

ల్యూసిన్, థ్రియోనిన్, సెరిన్, ఆర్జినిన్, మళ్ళీ వాలిన్. రెండు అక్షరాల తప్పుకి వరసగా నాలుగు అమైనో యాసిడ్‌లు మారిపోయాయి, ఐదో దాని దగ్గర ఏమీ ఎరగనట్టు దారిలో పడింది. ఇప్పుడు దీన్ని మోడల్ కళ్ళతో చూడు. జీసీటీ నుంచి సీటీజీ మూడక్షరాలూ తేడా, జీఏసీ నుంచి ఏసీసీ రెండు, సీటీసీ నుంచి టీసీఏ మూడు, ఏఏజీ నుంచి ఏజీజీ ఒకటి, మొత్తం తొమ్మిది. జేబులో పెట్టుకోమన్నది ఇప్పుడు తియ్యి: ఒకేసారి రెండు మూడు అక్షరాలు మారే దారి మోడల్‌కి లేదు, రేటు సున్నా. కాబట్టి పాపం అది ఈ తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా జరిగిన తొమ్మిది సంఘటనలుగా లెక్కేస్తుంది, అందులో ఎక్కువ అర్థం మార్చేవే, అన్నీ ఒకే కొమ్మ మీద, అన్నీ పక్కపక్క సైట్లలో. ఇంత పని ఇంత తక్కువ టైంలో జరగాలంటే ఒమేగా ఆకాశంలో ఉండాలి అని అనుకుంటుంది, దాని తప్పు లేదు. అలైన్‌మెంట్, అంటే జాతుల సీక్వెన్సుల్ని ఒకదాని కింద ఒకటి పేర్చిన పట్టిక, మోడల్‌కి వేదవాక్కు, ఇది టైపింగ్ తప్పేమో అని అనుమానించే గంప దాంట్లో ఎవరూ పెట్టలేదు. నిజం మ్యుటేషన్లలో కూడా పక్కపక్క అక్షరాలు రెండు ఒకేసారి మారడం జరుగుతుంది, అది కూడా ఇలాగే మోసం చేస్తుంది, 2018లో వెంకట్, హాన్, థోర్న్‌టన్ ముగ్గురూ బ్రాంచ్–సైట్ టెస్ట్ (ఒక కొమ్మ మీద కొన్ని సైట్లలో పాజిటివ్ సెలెక్షన్ ఉందా అని చూసేది) మీద దీన్నే చూపించారు, చదువు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నా అంటే నేను ఈ గుంటలో నడుం దాకా దిగాను. తొమ్మిదేళ్ళ కింద, ప్రైమేట్‌ల ఇమ్యూన్ జీన్ ఒకటి, చివరి ఎక్సాన్‌లో పది పన్నెండు సైట్లు ధగధగలాడుతున్నాయి, ఇదేదో వైరస్‌తో యుద్ధం అని కథ కూడా అల్లేశా, నాలుగు నెలలు అదే లోకం, పోస్టర్ కూడా ప్రింట్ కొట్టించా. కాన్ఫరెన్స్‌కి రెండు రోజుల ముందు సిరిపురం దగ్గర టీ కొట్టులో ఒక పెద్దాయన, రిటైరైన ప్రొఫెసర్, లాప్‌టాప్ చూసి ఒక్కటే అడిగారు, "ఆ గ్రాఫ్‌లన్నీ సరే బాబూ, ఆ కాలమ్‌లు ఒకసారి చూపించు." ఓపెన్ చేశా. పదకొండు జాతుల్లో అక్కడ ఒకలా ఉంది, ఒక్క దాంట్లో మాత్రం మొత్తం వేరే పురాణం. డేటాబేస్‌లో ఆటోమేటిక్‌గా చేసిన ప్రెడిక్షన్, ఇంట్రాన్ ముక్కని (ప్రొటీన్‌కి ఎక్కని భాగం) ఎక్సాన్ (ఎక్కే భాగం) అనుకుని అతికించేసింది. నేను నాలుగు నెలలు ఒక ఇంట్రాన్ మీద డార్విన్‌ని వెతికానన్నమాట. ఆ పెద్దాయన నవ్వలేదు, టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు, అది ఇంకా కాల్చింది. ఆ పోస్టర్ ఇప్పటికీ ఇంట్లో ఉంది, వెనక వైపు మా పాప బొమ్మలేసుకుంటుంది.

సరే నువ్వు చెయ్యాల్సింది. ఈ రాత్రే 300 నుంచి 325 దాకా కోడాన్లు స్క్రీన్ మీద పెట్టుకో, అమైనో యాసిడ్‌లు కాదు, న్యూక్లియోటైడ్‌లు. 12 వరసలూ కంటితో చూడు. ఆ జాతి వరసని ఒక అక్షరం పక్కకి జరిపితే మిగతా వాటితో సరిపోతోందా? సరిపోతే కథ అక్కడికి అయిపోయింది. 313వ సైట్ బీఈబీలో ఎందుకు రాలేదో కూడా అక్కడే తెలుస్తుంది, బహుశా ఫ్రేమ్ జరిగినా అమైనో యాసిడ్ అదృష్టం కొద్దీ అదే వచ్చుంటుంది. ఆ జాతి రీడ్స్ (మెషిన్ చదివిన అసలు ముక్కలు) దొరికితే తెచ్చి ఆ ముక్క మీద మ్యాప్ చెయ్యి, అక్కడ రెండో మూడో రీడ్స్ మాత్రమే ఉన్నాయా, వాటిలోనే జీల లెక్క మీద కొట్టుకుంటున్నాయా చూడు. దగ్గరి చుట్టం జాతి జీనోమ్ ఏదైనా ఉంటే దాంతో కూడా పోల్చు.

తర్వాత అలైన్‌మెంట్ మళ్ళీ చెయ్యి. ఏ టూల్ వాడావో రాయలేదు, న్యూక్లియోటైడ్‌లని నేరుగా మాఫ్ట్‌లోనో క్లస్టల్‌లోనో పెట్టుంటే మాత్రం తిడతా. ప్రాంక్‌ని కోడాన్ మోడ్‌లో పెట్టు, నిదానంగా నడుస్తుంది, నడవనీ. 2010లో ఫ్లెచర్, యాంగ్ సిమ్యులేషన్ చేసి చూపించారు, అలైన్‌మెంట్ తప్పులే బ్రాంచ్–సైట్ టెస్ట్‌లో లేని పాజిటివ్ సెలెక్షన్‌ని పుట్టిస్తాయని, అందులో ప్రాంకే తక్కువ తప్పులు చేసిందని. ఫ్రేమ్‌షిఫ్ట్ అనుమానం ఉంది కాబట్టి మాక్సే కూడా వాడొచ్చు, అది ఫ్రేమ్ విరిగిన చోటు గుర్తుపెట్టి చూపిస్తుంది. అనుమానం ఉన్న ముక్కని ఆ ఒక్క జాతిలో ఎన్‌లు (తెలీదు అనే గుర్తు) పెట్టి కప్పెయ్యి, కోడ్ఎమ్ఎల్‌లో క్లీన్‌డేటా ఆన్ చేసి గ్యాప్ ఉన్న కాలమ్‌లన్నీ ఊడ్చెయ్యకు, మంచి సైట్లు కూడా చెత్తతో పాటు పోతాయి.

ఇంకో రెండు చిన్నవి. టోల్ లైక్ రిసెప్టర్ అన్నావ్ గానీ ఏదో చెప్పలేదు. టీఎల్ఆర్1, టీఎల్ఆర్6 లాంటివైతే అవి పక్కపక్క ఇళ్ళ పిల్లల్లాగా ఒకదాన్లోంచి ఒకటి ముక్కలు కాపీ కొట్టుకుంటాయి, జీన్ కన్వర్షన్ అంటారు, అప్పుడు జీన్ మొత్తానికి ఒకటే చెట్టు అనేది అబద్ధం అయిపోతుంది, సైట్ టెస్ట్‌లు తప్పుగా అరుస్తాయి. హైఫై అనే ఇంకో ప్యాకేజీలో అలాంటి అతుకులు పట్టే గార్డ్ అని ఉంది, ముందు దాంతో ఒకసారి చూసుకో. నువ్వు పన్నెండు జాతుల్లోనూ ఒకే జీన్ పట్టుకున్నావా, ఏదో ఒక దాంట్లో పక్కింటి జీన్ పట్టుకొచ్చావా అనేది కూడా.

రెండోది, ఒమేగా 0.1 నుంచి 0.6కి పెరిగిన కొమ్మ కనిపిస్తే సంబరపడకు, అది కొత్త పనికోసం పరుగు కాకపోవచ్చు, పని పోయి తుప్పు పట్టడం కావచ్చు. మన విటమిన్ సీ జీన్ సంగతి తెలుసు కదా, ఎప్పుడో కోతుల పూర్వీకుల్లోనే చెడిపోయింది, అందుకే మనకి నిమ్మకాయా ఉసిరికాయా కావాలి. అలా చెడిపోయిన జీన్‌ని ఎవరూ ఏరరు, ఒమేగా మెల్లగా ఒకటి వైపు జారుతుంది, ఒకటి దాటదు. ఈ తేడా పట్టడానికే 2015లో రిలాక్స్ అనే టెస్ట్ వచ్చింది. బ్రాంచ్–సైట్ చెయ్యాలనుకుంటే ఏ కొమ్మ మీద అనేది బయాలజీ చూసి ముందే రాసి పెట్టుకో, ఫ్రీ రేషియోలో 999 వచ్చిన కొమ్మని చూసొచ్చి దాని మీదే టెస్ట్ చేసి పీ వాల్యూ చూపిస్తే అది బాణం గుచ్చుకున్న చోట చుట్టూ సున్నా గీసినట్టు. అన్ని కొమ్మల మీదా చేస్తే చెయ్యి, కానీ ఎన్ని చేశావో దానికి తగ్గట్టు పీ వాల్యూ సరిచెయ్యి.

అన్నీ సరిచేశాక కూడా ఎమ్8, ఎమ్8ఏ మీద గెలిచిందనుకో, అప్పుడు నేనే చప్పట్లు కొడతా. అప్పుడు హైఫైలో మీమ్, ఫుబార్ అనే సైట్ టెస్ట్‌లు నడిపించు, వేరే దారిలో వచ్చినా అవే సైట్లు వస్తున్నాయా చూడు, పన్నెండు జాతులకి బీఈబీ ఒక్కదాన్నే నమ్మడం నాకు ఇష్టం ఉండదు. తర్వాత ఆ సైట్లు ప్రొటీన్ బొమ్మ మీద ఎక్కడ పడ్డాయో చూడు. సెల్ బయట ల్యూసిన్ రిపీట్‌ల వైపు, సూక్ష్మజీవి తగిలే చోట, సీక్వెన్స్‌లో దూరదూరంగా ఉండి మడత పడ్డాక దగ్గరికొచ్చే సైట్లైతే నాకు నమ్మకం కలుగుతుంది. సెల్ లోపలికి సందేశం పంపే టీఐఆర్ డొమైన్‌లో పడితే మళ్ళీ కాలమ్‌లు తెరుస్తా, అది మామూలుగా కదలని చోటు. గెలవలేదనుకో, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, పన్నెండు గబ్బిలాల్లో ఈ జీన్‌ని గట్టి ఏరివేత పట్టి ఉంచింది అని 0.18తో రాయి, థీసిస్‌లో ఒక చాప్టర్‌కి అది సరిపోతుంది.

ముందు ఆ జాతిని పూర్తిగా తీసేసి 11 జాతులతో ఎమ్7, ఎమ్8ఏ, ఎమ్8 నడిపించు, ఎమ్7, ఎమ్8 ఒక్కోటీ మూడుసార్లు, మొదటి ఒమేగా 0.4, 1, 3 ఇచ్చి, ఎమ్8 ఒక్కోసారి చిన్న గుట్ట మీద ఇరుక్కుని అదే శిఖరం అనుకుంటుంది; ఎమ్8ఏలో ఒమేగా ఒకటికే కట్టేసి ఉంటుంది కాబట్టి అది ఒక్కసారి. ఏడు లాగ్ లైక్లీహుడ్‌లూ, ఎమ్8లో ఆ గంప ఒమేగా, శాతం, ఆ కొమ్మ మీద రెండు లెక్కలూ, 300–325 కోడాన్ల ముక్కా పెట్టు. శనివారం రాత్రి పిల్ల పడుకున్నాక చూస్తా.